ఓబీ ఎక్కడికీ వెళ్ళడం లేదు

హార్లన్ స్టేట్ కాలేజీవాళ్ళు తమ ఫుట్‌బాల్ జట్టు పెద్ద కోచ్‌ని ఇంటికి పంపేసిన రోజున లానీ హాస్కెట్ చేతిలో మిగిలిన సరుకు ఐదుగురు కుర్రాళ్ళ నమ్మకం. అంతకుమించి ఏమీ లేదు. అలబామాలో ఈ ఆట ఆడే ప్రతి కాలేజీలోనూ రివాజు ఒకటే. పెద్దాయన్ని తీసేస్తే ఆయన కింద పనిచేసేవాళ్ళందరూ అట్టపెట్టెల్లో సామాను సర్దుకోవాలి. కొత్తగా వచ్చేవాడు తన మనుషుల్ని తనే తెచ్చుకుంటాడు. పదకొండేళ్ళు అన్నం పెట్టిన ఆర్లిస్ టేట్ వెళ్ళిపోతూ, "ఆర్కన్సాలో చిన్న కాలేజీ ఒకటి పిలుస్తోంది. నాతో రా లానీ. ఇక్కడ ఉండిపోతే నిన్ను వాడుకుని పారేస్తారు," అన్నాడు. లానీ రానన్నాడు. చిన్న కొట్టులో వాటాకన్నా పెద్ద కొట్టులో జీతం నయమని అతని లెక్క.

ఆ లెక్కకి ఆధారం ఆ ఐదుగురే. ఈ అమెరికా ఫుట్‌బాల్లో బంతి చేత పట్టుకున్నవాడి ముందు గోడలా నిలబడే భారీ కుర్రాళ్ళు వాళ్ళు. ఆ గోడని లైన్ అంటారు, దానికి కోచ్ లానీ. ఒక్కొక్కరి ఇంటికీ లానీయే వెళ్ళాడు. వాళ్ళ తల్లుల వంటగదుల్లో కూర్చుని, పెట్టింది తిని, మాటిచ్చి తీసుకొచ్చాడు. పేరుకు వాళ్ళు కాలేజీ జట్టు. నిజానికి లానీ మనుషులు. పెద్ద కోచ్ మారినప్పుడు ఆటగాళ్ళు వేరే కాలేజీకి పోవడానికి కొద్దిరోజులు గడువుంటుంది. అది దాటితే ఆ ఏడాదికి ఇక కదలలేరు. కొత్త కోచ్ కైల్ ప్రెంటిస్ వచ్చీ రావడంతోనే లానీని పిలిచి బేరం పెట్టాడు. "గడువు అయ్యేదాకా ఆ ఐదుగురినీ కదలకుండా పట్టుకో. లైన్ కోచ్ కుర్చీ నీదే."

నలుగురు ఉంటామన్నారు. మిగిలింది ఒక్కడు, అందరిలోకీ ఖరీదైనవాడు, ఓబదయా క్రంప్టన్. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి కనపడని ఎడమవైపు నుంచి వచ్చే దెబ్బని కాచేది ఓబీయే. ఆ సాయంత్రం ఐదింటికి గడువు ముగుస్తుంది. ఇక్కడిదాకా లెక్క సరిగ్గానే నడిచింది.

ఆ పొద్దున కాఫీ దగ్గర లానీ భార్య డీన్నా ఆ లెక్క మీద చెయ్యి పెట్టింది.

"ఒకావిడ ఫోన్ చేసింది, ఒక్లహోమా నుంచి," అంది. "నాలుగు పడకగదుల ఇల్లు కావాలట. పిల్లలు స్కూలుకి నడిచి వెళ్ళేంత దగ్గర్లో."

"మంచిదేగా. చూపించు."

"వాళ్ళాయన ఏం చేస్తాడని అడిగా. ఫుట్‌బాల్ కోచ్‌ట. ఏ కోచ్ అన్నా. లైన్ కోచ్ అంది." డీన్నా కప్పు కిందపెట్టింది. "ప్రెంటిస్ దగ్గర ఆరేళ్ళ నుంచీ ఉన్నాడట. నెలాఖరుకల్లా దిగాలట."

లానీ రొట్టె మీద వెన్న పూయడం ఆపలేదు.

ఆ ఊళ్ళో ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో పేపరువాళ్ళకన్నా ముందు ఇళ్ళమ్మేవాళ్ళకి తెలుస్తుంది. మగవాళ్ళు ఎంత గుట్టుగా బేరాలు చేసుకున్నా, వాళ్ళ భార్యలు స్కూలూ ఇల్లూ చూసుకోక తప్పదు. డీన్నా పెళ్ళికి ముందు పేరుతోనే వ్యాపారం చేస్తుంది. బోర్డు మీద డీన్నా ఫాల్క్ అని ఉంటుంది. ఒక్లహోమా ఆవిడ ఆ పేరు చూసి, తన మొగుడు ఎవరి కుర్చీలోకి వస్తున్నాడో ఆ మనిషి భార్యకే ఫోన్ చేసి, వంటగదిలో గట్టు ఎలా ఉండాలో కూడా చెప్పింది.

"నువ్వెవరి భార్యవో అడగలేదా?" అన్నాడు లానీ.

"లేదు. పేరు ఎంత బావుందీ అంది. మంచావిడలాగే ఉంది పాపం."

"ఏ ఇల్లు చూపిస్తావు?"

"నువ్వు సాయంత్రానికి ఏదో ఒకటి చెయ్యకపోతే, మనదే చూపిస్తా. గదులు సరిగ్గా నాలుగున్నాయి."

డీన్నా నవ్వలేదు. వాళ్ళ కూతురికి ఆ ఊరి హైస్కూల్లో ఇంకొక్క ఏడాది ఉంది. ఈ వృత్తిలో కాపురమంటే నాలుగేళ్ళకో ఊరు. పదకొండేళ్ళు ఒక్కచోట ఉండటమే వాళ్ళకి దొరికిన పెద్ద లాభం. అది పోతుందని తెలిశాక ఆవిడ ఏడవలేదు, మొగుణ్ణి తిట్టలేదు. ఇంకా చేతిలో ఏముందో చూసుకోమని గుర్తుచేసింది.

చేతిలో గడువుంది. సాయంత్రం దాకా.

ప్రెంటిస్ గదిలో గోడలకి ఇంకా రంగు వాసన పోలేదు. టేట్ ఫోటోలు తీసేసిన చోట గోడ తెల్లగా ఉంది. ప్రెంటిస్ లానీకన్నా పదిహేనేళ్ళు చిన్న. బల్ల మీద కాళ్ళు పెట్టుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఓబీ సంగతేంటి?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఓబీ సంగతి తర్వాత. ఒక్లహోమా సంగతి చెప్పండి."

ప్రెంటిస్ కాళ్ళు దించాడు. సిగ్గుపడతాడేమోనని లానీ చూశాడు. పడలేదు.

"తెలిసిపోయిందా? మంచిదే. నీకు చెప్పడానికి ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నా. ఆ శ్రమ తప్పింది."

"ఏరు దాటాక తెప్ప తగలేద్దామనుకున్నారు. ఇంకా ఏరు మధ్యలోనే ఉన్నారు కోచ్. నేను ఇప్పుడు కిందకెళ్ళి ఐదు ఫోన్లు చేస్తా. సాయంత్రానికి ఐదుగురూ పోతారు. మీ ఒక్లహోమా ఆయన వచ్చి గడ్డికి పాఠాలు చెప్పుకోవచ్చు."

"చెయ్యి," అన్నాడు ప్రెంటిస్.

లానీ కదలలేదు.

"చెయ్యి లానీ, ఎవరాపారు? లైన్ లేకుండా ఒక సీజన్ ఓడిపోతా. కొత్తవాణ్ణి, పాత కోచ్ మనుషులు వెన్నుపోటు పొడిచారంటా. ఊరంతా నా మీద జాలిపడుతుంది. వచ్చే ఏడాది ఇంకో ఐదుగురిని తెచ్చుకుంటా. మరి నీ మాటేంటి? యాభైమూడేళ్ళు. టేట్ పిలిస్తే పోలేదు. ఆయన ఈపాటికి నీ చోట్లో ఎవరినో పెట్టుకునే ఉంటాడు. ఆటగాళ్ళని ఎగదోసి జట్టుని విరగ్గొట్టినవాడన్న పేరుతో నీకు ఎవరిస్తారు పని?"

బేరంలో అవతలివాడు నిజం చెబుతుంటే దానికన్నా చెడ్డది లేదు. లానీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇక ఇద్దరికీ అర్థమైంది, అరుపుల వంతు అయిపోయి అసలు మాట మొదలైందని.

"నాకు ఈ ఊళ్ళో ఉండాలి," అన్నాడు లానీ.

"ఉండు. లైన్ కాదు. పై అంతస్తులో ఒక గది ఉంది. ఆటగాళ్ళ బాగోగులు చూసే అధికారి. మైదానంలోకి దిగక్కర్లేదు. వాళ్ళ చదువులు, వాళ్ళ గొడవలు, వాళ్ళ తల్లులు. అవి నీకన్నా బాగా ఎవరికి తెలుసు?"

"ఎన్నేళ్ళు?"

"రెండు."

"మూడు. రాసి."

"మూడు. రాస్తా. కాలేజీవాళ్ళ సంతకం కూడా మధ్యాహ్నానికి పెట్టిస్తా. కానీ కాగితం నా సొరుగులో ఉంటుంది. ఐదు దాటాక, ఓబీ పేరు వెళ్ళేవాళ్ళ జాబితాలో లేదని తేలాక, నీ చేతికిస్తా."

"ముందే ఇవ్వండి."

"నేనూ నీలాంటివాణ్ణే లానీ," అన్నాడు ప్రెంటిస్ మొదటిసారి నవ్వుతూ. "అందుకే ఇవ్వను."

లేచి తలుపు దాకా వెళ్ళాక లానీకి ఒక ప్రశ్న నోటిదాకా వచ్చింది. ఇంతా చేసి ఓబీని ఎక్కడ ఆడిస్తారు? ఒక్లహోమా కోచ్ వస్తే ఊరికే వస్తాడా, తన కుర్రాళ్ళని తెచ్చుకోడా? నలభై ఏళ్ళుగా ఈ ఆటలో ఉన్నవాడికి ఆ ప్రశ్న తట్టకపోవడమేమిటి. తట్టింది. అడగలేదు. తెలుసుకుంటే అబద్ధమాడాలి. తెలుసుకోకపోతే మాట మాత్రమే ఇవ్వాలి. రెండో సరుకు మోయడానికి తేలిక.

ఊరికి అరగంట దూరంలో, రోడ్డు పక్కన పైన్ చెట్ల మధ్య ఆర్నెటా క్రంప్టన్ ఇల్లు. ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది. మధ్యాహ్నం ఖాళీలో ఇంటికొచ్చి, యూనిఫారం చొక్కా మీదే ఏప్రాన్ కట్టుకుని చేపలు వేయిస్తోంది. బల్ల దగ్గర ఓబీ కూర్చున్నాడు. వాడు కూర్చుంటే ఆ వంటగదిలో ఇంక ఎవరికీ చోటు మిగలదు.

"రండి కోచ్. కూర్చోండి. నూనె మీద ఉంది, కదల్లేను," అంది ఆర్నెటా. "ఓబీ, ఆ కాళ్ళు తియ్యరా. అవి కాళ్ళా, వంతెన స్తంభాలా?"

ఓబీ కాళ్ళు ముడుచుకున్నాడు. "నమస్తే కోచ్."

"ఆష్‌బీవాళ్ళు పొద్దున్నుంచీ ఫోను వదలడం లేదు," అంది ఆవిడ, చేపముక్క తిరగేస్తూ. ఆష్‌బీ అంటే పక్క కౌంటీలో కాలేజీ, హార్లన్‌కి పాత పగ. "వాళ్ళ కోచ్ నోట్లో తేనె పోసుకుని మాట్లాడతాడండీ. మీ అబ్బాయి మా ఇంటి బిడ్డమ్మా అంటాడు. నాకు తేనె పడదు, షుగరుందని చెప్పా."

"ఏమన్నాడు?"

"సాయంత్రం దాకా ఆగుతానన్నాడు. ఓబీకి చోటు ఉంచుతాడట. మొదటి రోజు నుంచీ ఆడిస్తాడట. రాసిస్తాడట." ఆవిడ పొయ్యి ఆర్పి వెనక్కి తిరిగింది. "మీరేమీ రాసివ్వలేదు కోచ్. మూడేళ్ళ కిందట ఈ కుర్చీలోనే కూర్చుని నోటిమాటతో తీసుకెళ్ళారు. నాకదే నచ్చింది. రాసిచ్చేవాడు రేపు కోర్టుకి పోయే మనిషి. మాటిచ్చేవాడు రేపు మన గుమ్మంలోకి రావలసిన మనిషి."

లానీ తల ఊపాడు.

"ఒక్కటే అడుగుతా. సెప్టెంబరులో మొదటి ఆట రోజున మావాడు మైదానంలో ఉంటాడా, బెంచీ మీద ఉంటాడా?"

"మైదానంలోనే."

"ఆ కొత్తాయన వాడి చోటు తియ్యడుగా?"

"ఓబీ లాంటివాణ్ణి తీసే పిచ్చివాడెవడు?"

"మీరు పక్కనే ఉంటారుగా?"

"నేనెక్కడికీ వెళ్ళడం లేదు మిస్ ఆర్నెటా," అన్నాడు లానీ. ఆ వంటగదిలో అతను ఆడిన మాటల్లో నిజం అదొక్కటే. అందుకే అది మిగతావాటికన్నా గట్టిగా పలికింది.

ఓబీ పళ్ళెం వైపు చూస్తూ మెల్లిగా అన్నాడు. "నాకు ఆష్‌బీ నచ్చింది కోచ్. అబద్ధమెందుకు. రాబోయే సీజనే నాకు చివరిదిగా. డబ్బిచ్చి ఆడించే పెద్ద జట్లవాళ్ళు చూడ్డానికి వచ్చేది అప్పుడే. ఒక్క సీజన్ బెంచీ మీద ఉంటే నన్నెవడూ చూడడు. అమ్మ ఇంకో పదేళ్ళు ఆ బస్సు తోలుతుంది."

"నాకేం కష్టంరా? పిల్లల అల్లరి తప్పితే," అంది ఆర్నెటా.

"మీరుంటే ఉంటా," అన్నాడు ఓబీ. "మీరు ఉండమంటే ఉంటా."

తూకం అక్కడ ఆగింది. ముల్లు అటో ఇటో పోయేలా ఒక్క మాట వెయ్యాలి. ఆష్‌బీకి పొమ్మంటే వాడి బతుకు బాగుపడుతుంది, లానీ కాగితం సొరుగులోనే చిరిగిపోతుంది. లానీ ఎక్కువసేపు ఆలోచించలేదని చెప్పాలి. ఆలోచించినట్టు కనిపించేంతసేపు మాత్రం ఆగాడు. తొందరపడి ఇచ్చిన మాటకి విలువ ఉండదని అతనికి తెలుసు.

"ఉండరా," అన్నాడు.

ఆర్నెటా చేతులు తుడుచుకుంది. "విన్నావుగా. అయిపోయింది. ఓబీ ఎక్కడికీ వెళ్ళడం లేదు."

అక్కడితో లేచి రావచ్చు. రాలేదు. సరుకు చేతులు మారేదాకా బేరం కుదిరిన గడప దిగకూడదు. చేప తిన్నాడు, మొక్కజొన్న రొట్టె తిన్నాడు, ఇంకాస్త పెట్టమన్నాడు. పిండి ఎలా కలుపుతారని అడిగి, ఆవిడ చెబుతుంటే విన్నాడు. ఆష్‌బీ నుంచి ఫోను మోగినప్పుడల్లా ఏదో ఒక పాత ఆట ముచ్చట ఎత్తుకున్నాడు. తల్లీకొడుకులు నవ్వుతూ ఫోను సంగతి మర్చిపోయారు. ఆర్నెటా సాయంత్రం బస్సు తీసే వేళ అయ్యాక, బరువులెత్తడానికి కాలేజీకి వస్తానన్న ఓబీని తన ట్రక్కులోనే ఎక్కించుకున్నాడు. దారిలో ఐదైంది. లానీ రేడియో పెట్టాడు.

ప్రెంటిస్ సొరుగు తెరిచి కాగితం ఇచ్చాడు. మాట తప్పలేదు. లానీ రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"మంచి పని చేశావు," అన్నాడు ప్రెంటిస్. "రేపు పొద్దున ఒక ప్రకటన ఇస్తున్నాం. ఒక్లహోమాలో నా దగ్గరాడిన ఎడమవైపు కుర్రాడు ఇక్కడికొస్తున్నాడు. కోచ్‌తో పాటే."

"ఎడమవైపా?"

"ఎడమవైపే."

"మరి ఓబీ?"

"వాడి వెనక. ఎవరికైనా కాలు విరిగితే దిగుతాడు."

ఎన్నేళ్ళ వ్యాపారంలో ఎంతమంది దగ్గర ఎన్ని దెబ్బలు తిన్నా, కొన్నవాడు సరుకుని మురిక్కాలవలో పోయడానికి కొన్నాడని విన్నప్పుడు అమ్మినవాడికి ఒక్క క్షణం ఊపిరాడదు. "ఈ రాష్ట్రంలో వాడంత మంచి ఆటగాడు లేడు," అన్నాడు లానీ.

"నాకు తెలియదా? నా కుర్రాడికన్నా వాడే మెరుగు. కానీ నా పద్ధతి నావాడికి తెలుసు, నేర్పే తీరిక నాకు లేదు."

"అలాంటప్పుడు వదిలేయొచ్చుగా. ఆష్‌బీకి పోయి ఆడుకునేవాడు."

"నవంబరులో ఆష్‌బీతో మనకి ఆట ఉంది," అన్నాడు ప్రెంటిస్, లెక్క రాని పిల్లాడికి చెబుతున్నట్టు. "వాణ్ణి ఆడించడానికి ఆపలేదు లానీ. ఎదురుగా నిలబడి ఆడకుండా ఆపాను."

"వాడికి ఎవరు చెబుతారు?"

"ఆటగాళ్ళ బాగోగులు చూసే అధికారి ఎవరు?" అన్నాడు ప్రెంటిస్. "ఇప్పుడే చెప్పు. రేపు పేపర్లో చూసి తెలుసుకుంటే బాధపడతాడు."

వెనక్కి తిరిగి ఆ కాగితం ప్రెంటిస్ బల్ల మీద పడేసి రావడానికి మెట్ల దాకా చాలా అడుగులున్నాయి. లానీ అన్నిటినీ నడిచాడు. జేబు తడిమి చూసుకుని కిందకి దిగాడు.

బరువుల గదిలో ఓబీ ఒక్కడే ఉన్నాడు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "చూశారా కోచ్, పోయిన వారం కన్నా పెంచా," అన్నాడు.

లానీ చెప్పాడు. చుట్టూ తిప్పలేదు. చేదు మందు ఒక్క గుక్కలో పోసెయ్యాలన్న సూత్రం ఒకటుంది అతనికి. అది తాగేవాడి మేలు కోసం కాదు, పోసేవాడి మేలు కోసం.

ఓబీ బెంచీ మీద కూర్చున్నాడు. అరవలేదు. "మీకెప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే. పైన. ఒట్టు."

"మరి లైన్‌కి మీరే కదా కోచ్? మీరు చెబితే ఆడించరా?"

లానీ చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

"మీరు కాదా?"

"పై అంతస్తులో వేరే పనిచ్చారు."

"అది ఎప్పుడు తెలిసింది?"

ఈసారి ఒట్టు రాలేదు. ఓబీ అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపమున్నా బావుండేది. దుకాణంలో తప్పు తూచారని ఇంటికెళ్ళాక తెలుసుకున్న పిల్లాడి చూపది.

"అంటే మా ఇంట్లో చేప తింటున్నప్పటికి తెలుసు," అన్నాడు.

"ఓబీ, నా మాట విను. నా ఇంట్లోనూ ఒక పిల్ల ఉంది..."

"ఉంది. ఆ పిల్ల బతుకు బావుంటుంది. నాకు తెలుసు." వాడు జేబులోంచి ఫోను తీశాడు. వేలు ఆన్చి, మోగడం మొదలయ్యాక, స్పీకరు పెట్టి లానీ చేతిలో ఉంచాడు. "మా అమ్మకి మీరే చెప్పండి. మాటిచ్చింది ఆవిడకి."

"ఇప్పుడు కాదురా. రేపు నేనే వెళ్ళి..."

"గుమ్మంలోకి రావలసిన మనిషన్నది. ఇదే గుమ్మమనుకోండి."

ఫోను ఎత్తారు. వెనక బస్సు ఇంజను చప్పుడు, పిల్లల కేకలు.

"ఏరా నాన్నా, ఆగు, బ్రేకు వేసుకోనీ," అంది ఆర్నెటా గొంతు. "ఆ, చెప్పు. ఇదిగో ముందు నేను చెబుతా విను. ఆ ఆష్‌బీ ఆయనకి నేనే ఫోను చేశా. మా కోచ్ మాటిచ్చాడయ్యా, మాకు నీ కాగితాలక్కర్లేదు, మళ్ళీ మా గడప తొక్కొద్దు అని కడిగిపారేశా. పాపం ఏడుపు ఒక్కటే తక్కువ. కోచ్ పక్కనున్నాడా? ఆదివారం పెళ్ళాన్ని, కూతుర్ని తీసుకుని భోజనానికి రమ్మను. ఆ రొట్టె ఇంకా కావాలన్నాడుగా, ఆయన కోసం వేరే చేస్తా..."

లానీ ఫోను చెవికి దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. పొద్దున్నుంచీ చేసిన బేరం లెక్క దానంతటదే బుర్రలో పడుతోంది. ఉద్యోగం వచ్చింది, మూడేళ్ళు, రాసి. ఇల్లు అమ్మక్కర్లేదు. డీన్నా వ్యాపారం నిలిచింది, ఒక్లహోమా ఆవిడకి వేరే ఇల్లు చూపిస్తుంది. కూతురు ఈ ఊళ్ళోనే స్కూలు పూర్తి చేస్తుంది. ఏ వైపు నుంచి కూడినా లాభమే. ఖర్చు పెట్టిన నమ్మకం మాత్రం ఇంకా ఫోనులో సంతోషంగా మాట్లాడుతూనే ఉంది.